నడిపోడి వీపు

ఆ ఇంట్లో టీవీ రిమోటుకి పాలిథిన్ తొడుగు ఉంటుంది. తొడుగు మీద రబ్బరు బ్యాండు. ఏ బొత్తాం ఎక్కడుందో కనపడక ఇంటావిడ వార్తలు పెట్టబోతే కార్టూన్లు వస్తాయి. ఫ్రిజ్జు తలుపుకి కొన్ననాటి నీలం కాగితం ఇంకా అంటుకునే ఉంది. సోఫా మీద కవరు తియ్యలేదు కాబట్టి చుట్టాలు వచ్చి నలుగురూ ఒకేసారి కదిలితే ఆ కిరకిరలో మాట వినపడదు. ఇదంతా ఇంటాయన చలవ. వస్తువన్నాక కొత్తగా ఉండాలి, సెట్టుగా ఉండాలి, డబ్బాలో ఉండాలి. వాడితే పాడైపోదూ! మరి కొన్నది దేనికంటారా? ఆ ప్రశ్న ఆయన్ని అడిగి బాగుపడినవాళ్ళు లేరు.

ఉద్యోగం కూడా ఆయనకి అచ్చం అలాంటిదే దొరికింది. జడ్జీలకీ, పెద్దపెద్ద వాళ్ళకీ కాపలా కాసే అంగరక్షకుల దళంలో ఆయుధాల గది ఆయన చేతిలో ఉంది. ఇనుప తలుపు, పక్కన కిటికీ, కిటికీకి జాలీ, జాలీ కింద చెయ్యి పట్టేంత సందు. పొద్దున్న ఆ సందులోంచి పిస్తోలు ఇస్తాడు, డ్యూటీ దిగాక ఆ సందులోంచే పుచ్చుకుంటాడు. పుచ్చుకున్నదాన్ని పసిపిల్లాడికి ఒళ్ళు తుడిచినట్టు తుడిచి, దాని గూట్లో పడుకోబెట్టి, బీగం వేసి, వేసిన బీగాన్ని రెండుసార్లు లాగి చూస్తాడు. దళమంతా ఆయన్ని బీగం బాబాయి అంటారు. ఎదురుగా బాబాయి, వెనక బీగం.

మొదట్లో ఆ గదిలో అన్నీ ఉక్కు పిస్తోళ్ళే. ఒకటి నడుముకి కట్టుకుంటే మనిషి ఆ పక్కకి ఒరిగి నడిచేవాడు. వాటి బదులు ప్లాస్టిక్ ఒంటివి వస్తున్నాయని తెలిసిన రోజు బాబాయి చేసిన యాగీ అంతా ఇంతా కాదు. "సబ్బుపెట్టెలు చేసే సరుకుతో పిస్తోళ్ళు చేస్తారా? రేపు ఎండకి వంకర్లు పోతే ఎవడు సమాధానం చెప్తాడు?" అని కనపడ్డవాళ్ళందరినీ నిలదీశాడు, వాళ్ళే తయారుచేసినట్టు. తీరా పెట్టెలు వచ్చాక ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. గొట్టమూ, పైన జారే స్లైడూ ఉక్కువే. పిడీ ఒళ్ళూ మాత్రం గట్టి పాలిమర్. తేలిక, తుప్పు పట్టదు, చెమటకి చెడదు. ముక్కలుగా విడిపోతుంది, మళ్ళీ చిటికెలో కూడుకుంటుంది. కాసేపటికి బాబాయి మొహం కొత్త పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. ఆ తర్వాత ఎవరైనా సబ్బుపెట్టె అంటే, "ఎవడన్నాడా మాట?" అని ఆయనే మీదపడేవాడు.

ఒకే కంపెనీ, ఒకే పోలిక, మూడు సైజులు. యూనిఫాం వాళ్ళకి పొడుగుది, మామూలు బట్టల్లో తిరిగేవాళ్ళకి మధ్యది, చీలమండ దగ్గర దాచుకునేవాళ్ళకి బుల్లిది. బాబాయి వాటికి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టాడు. పెద్దోడి మ్యాగజైను, అంటే తూటాల డబ్బా, నడిపోడికి పడుతుంది, కాస్త కిందికి వేలాడుతుందంతే. నడిపోడిది మాత్రం పెద్దోడికి చాలదు. "అన్న చొక్కా తమ్ముడు తొడుక్కోవచ్చు గానీ తమ్ముడి చొక్కా అన్నకి పడుతుందట్రా?" అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేవాడు. ముగ్గురిలోనూ ఆయన ముద్దుబిడ్డ నడిపోడే. చొక్కా కింద ఇమిడిపోతాడు, పెద్దోడి పని చేస్తాడు, పేచీ పెట్టడు.

నడిపోడిలో ఇంకో తమాషా ఉంది. పిడికి వెనకవైపు, అరచేతికి ఆనేచోట, ఒక పలక ఊడొస్తుంది. దాన్ని వీపు అంటారు. సన్నది, మధ్యరకం, లావుది, మూడు వీపులు. ఎవరి చేతికి ఏది సరిపోతే వాళ్ళు అది తగిలించుకోవాలి. కింద ఒక పిన్ను కొడితే పాతది వస్తుంది, కొత్తది పెట్టి పిన్ను కొడితే సరి. కంపెనీ వాళ్ళు మధ్యరకం బిగించి, మిగతా రెండూ చిన్న సంచిలో వేసి, సీలు చేసి మరీ పంపారు. అంత ముచ్చటగా పంపితే మన బాబాయి ఏం చేశాడు? సంచులన్నీ ఏరి, సీలు సీలుగానే ఇనుప ట్రంకులో పేర్చి, బీగం వేశాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు నడిపోళ్ళెందరో సంచులన్ని ఉన్నాయా అని చూసుకుని, సీళ్ళు చెక్కుచెదరలేదని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళేవారు. మధ్యరకం వీపు బాబాయి చేతికి అతికినట్టు సరిపోయింది. ఆయన చేతికి సరిపోయాక ఇంక లోకంలో ఎవరి చేతికి సరిపోదు?

అన్నిటికంటే ముందు నమూనాగా వచ్చిన నడిపోణ్ణి మాత్రం ముక్కముక్కా విప్పి, చెక్క మీద సన్న తీగలతో కట్టి, అద్దం బిగించి, తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. గొట్టం, స్ప్రింగు, స్లైడు, మూడు వీపులూ, ఒక్కోదాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు. ఎవరూ విప్పకుండా స్క్రూల తలల మీద లక్క పోశాడు. పై అధికారులు వచ్చినప్పుడల్లా ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగేవారు, బాబాయి పక్కకి తప్పుకుని సగం భుజం ఫొటోలో పడేలా చూసుకునేవాడు.

ఇలా హాయిగా గడిచిపోతుంటే కోడలు వచ్చింది.

కొడుకు ఆసుపత్రిలో నర్సు. అతను ఏరికోరి చేసుకున్నది అదే దళంలో గేటు కాపలా కాసే అమ్మాయిని. మనిషి పొట్టి, చెయ్యి చిన్నది, పట్టుదల మాత్రం పెద్ద సైజు. గేటు కడ్డీ ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం, ఇదీ ఆ పిల్ల ఉద్యోగం. ఒక మహిళా జడ్జిగారికి మామూలు బట్టల్లో వెంట ఉండే అంగరక్షకురాలు కావాలంటే ముందుగా పేరిచ్చింది తనే. పరుగు గెలిచింది, కారు నడపడం గెలిచింది, చట్టం పరీక్ష రాసింది. మిగిలింది ఒక్క గురి పరీక్ష. దానికి మూడు అవకాశాలు. మూడూ తప్పితే మళ్ళీ గేటే, ఇంకెప్పుడూ పేరివ్వడానికి వీల్లేదు.

నడిపోణ్ణి తీసుకోవడానికి ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చిన మొదటిరోజే బాబాయి గీత గీసేశాడు.

"చూడమ్మా, ఇంట్లో నువ్వు కోడలివి. ఈ కిటికీ దగ్గర నేను మామయ్యని కాను. తెలిసిందా?"

"తెలిసింది సార్."

తెలియడమంటే అలా ఇలా కాదు. ఒకరోజు ఆయన అన్నం క్యారేజీ ఇంట్లో మర్చిపోతే ఆ పిల్లే తెచ్చి సందులోంచి తోసింది. "సార్, మీ ఇంట్లోవాళ్ళు మీకు క్యారేజీ పంపించారు సార్," అని సెల్యూట్ కొట్టి వెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు.

మొదటిసారి గురి తప్పాక ఆ పిల్ల కిటికీ దగ్గర కాసేపు నిలబడింది.

"సార్, దీనికి సన్న వీపు వస్తుంది కదా. నా వేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా అందట్లేదు. ఒకటిస్తారా?"

"సెట్టు విడదీయం."

"టెస్టు అవగానే తిరిగిచ్చేస్తాను సార్."

"అందరూ అలాగే అంటారు. ఇవాళ నీకిస్తే రేపు ఇంకొకడికివ్వాలి. పైగా కోడలు కాబట్టి సీలు విప్పాడంటారు. సెట్టు విడదీయం."

"అలాగే సార్."

మళ్ళీ అడగలేదు. అడిగితే బాబాయి మళ్ళీ కాదనేవాడే, అది వేరే సంగతి. అడగకపోవడం మాత్రం ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది.

రెండోసారి పరీక్ష అయ్యాక కాల్పుల రేంజిలో శిక్షణ ఇచ్చే అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. నిద్రలో కూడా మెడలో విజిల్ తియ్యడని పేరు కాబట్టి అతన్ని అందరూ విజిల్ అనే అంటారు.

"బాబాయ్, నీ కోడలు మళ్ళీ తప్పింది."

"నా కోడలు కాదు. ఇక్కడ ఆవిడ గార్డు."

"సరే, గార్డుగారు మళ్ళీ తప్పారు. ఎల్లుండి ఆఖరిది. నాకేం అంతుపట్టట్లేదు బాబాయ్. ఆ అమ్మాయికి పిస్తోలంటే భయమన్నా ఉండాలి, నీ నడిపోడికి వంకరన్నా ఉండాలి."

అంతే! కోడల్ని ఏమన్నా ఊరుకునేవాడేమో గానీ నడిపోణ్ణి అంటే ఊరుకుంటాడా? "నా నడిపోడికి వంకరా? పద, చూపిస్తా!" అని తలుపు బిగించి, బీగం రెండుసార్లు లాగి, ఆ పిస్తోలే పట్టుకుని రేంజికి నడిచాడు. చెవులకి మూతలు పెట్టుకుని కాల్చాడు. కాల్చినవన్నీ నడిమధ్యలో పడ్డాయి. బాబాయి విజిల్ వైపు తిరిగి, ఇప్పుడేమంటావ్ అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

"అయితే అమ్మాయిదే తప్పు," అన్నాడు విజిల్, కోడలు కాల్చిన కాగితం తీసి చేతికిస్తూ.

బాబాయి కాగితం చూశాడు. భయపడేవాళ్ళ తూటాలు కాగితమంతా చల్లినట్టు పడతాయి. ఇవి అలా లేవు. అన్నీ ఒకే చోట, గుప్పిట్లో పట్టేంత మేర, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. కాకపోతే కూర్చోవాల్సిన చోటికి జానెడు ఎడమగా. చెయ్యి వణికే మనిషి ఇలా కాల్చలేదు. వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అంది, నొక్కిన ప్రతిసారీ పిస్తోలుని పక్కకి నెట్టేస్తోంది. పిస్తోలు మంచిదే, మనిషీ మంచిదే. మధ్యలో ఉన్నది ఆ వీపు.

విజిల్ కూడా ఆయన భుజం మీంచి తొంగి చూశాడు. "అరె, అవును కదా! ఇది చేతి కొలత గొడవే బాబాయ్. సన్న వీపు పెడితే సరిపోతుంది. ఎవరి చేతికి తగ్గది వాళ్ళు పెట్టుకోవచ్చని రూల్సులోనే ఉంది. నువ్విస్తేగా!"

బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం, కొడుకు ఆసుపత్రి డ్యూటీలో ఉంటే, ఇంట్లో మిగతా ముగ్గురూ టీ తాగుతున్నారు. ఆ ఇంట్లో టీ గ్లాసులు ఏ రెండూ ఒకలాంటివి కావు. కోడలు పెద్ద స్టీలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటోంది. బొటనవేలి మొదట్లో చిన్న పట్టీ ఉంది. బాబాయి చూపు దాని మీద పడింది, పడిన చూపుని ఇంటావిడ పట్టుకుంది.

"ఏంటండీ చూస్తున్నారు? పిల్ల చెయ్యేనా? చూడండి, బాగా చూడండి. ఆ తుపాకీ పిడి ఒరుసుకుని బొబ్బ లేచింది."

"తుపాకీ కాదే, పిస్తోలు."

"ఏదో ఒక ఏడుపు! ఇంత ప్లాస్టిక్ ముక్క ఇస్తే పిల్ల గట్టెక్కుతుందట. మీ ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. అది ట్రంకులో పెట్టుకుని కూర్చున్నారట మీరు."

"నేను కూర్చోవడమేంటి? సెట్టు సెట్టుగా ఉండాలి. రేపు తనిఖీకి వచ్చి..."

"మీ సెట్లు నాకు తెలియనివా? మన పెళ్ళికి మీ అక్క ఆరు టీ కప్పులిచ్చింది. ఆరూ ఆరుగా ఉండాలని బీరువా ఎక్కించారు. పిల్లాడు పుట్టాడు, పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు. డబ్బా మాత్రం అక్కడే ఉంది. ప్రతి ఆదివారం మీరు దాన్ని దించుతారు, దులుపుతారు, మళ్ళీ ఎక్కిస్తారు. దేవుడికి కూడా అంత సేవ చెయ్యరు కదండీ!"

కోడలికి ఎందుకో పొలమారింది. అత్తగారు ఆ పిల్ల నెత్తి మీద తట్టి, మళ్ళీ ఇటు తిరిగింది.

"కప్పు పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈ పిల్ల రేపు మళ్ళీ గేటుకి పోతే ఏం కొనిపెడతారు?"

"పోనీలెండి అత్తయ్యా," అంది కోడలు గ్లాసు కింద పెట్టి. "మామయ్యగారు మాత్రం ఏం చేస్తారు, రూలు రూలే కదా. రేపు ఇంకాస్త కుడివైపుకి చూసి కాలుస్తాను, సరిపోతుంది."

ఆ మాటలో వెటకారం ఉంటే బాబాయి కసిరేసి తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు. లేదు. ఆ పిల్ల నిజంగానే అంది. కుడివైపుకి చూసి కాలుస్తుందట! తిన్నగా ఉన్న పిస్తోలుని పెట్టుకుని వంకర చూపు చూడాల్సిన ఖర్మేంటి? ఆయనకి సిగ్గేసింది. జీవితంలో చాలా తక్కువసార్లు వేసింది కాబట్టి, దాంతో ఏం చెయ్యాలో తెలియక రిమోటు తీసుకున్నాడు. కార్టూన్లు వచ్చాయి.

పరీక్ష రోజు అందరికంటే ముందు వెళ్ళి తలుపు తీశాడు. ట్రంకు ముందు చతికిలబడి, కోడలి నడిపోడికి జతగా వచ్చిన సంచి వెతికి తీశాడు. కత్తెర పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ సీలు! చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 'ఛీ, వెధవ ప్లాస్టిక్ సంచి,' అని తనని తానే తిట్టుకుని కత్తిరించాడు.

లోపల రెండు వీపులున్నాయి. ఒకటి తీశాడు. లావుది. రెండోది తీశాడు. అదీ లావుదే.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పక్కపక్కన పెట్టి చూశాడు. కవలపిల్లలు. పొరపాటున ఒక సంచి అలా వచ్చుంటుందిలే అని ఇంకో సంచి కత్తిరించాడు. రెండూ లావువే. ఇంకోటి. అవీ అంతే. ఇక కత్తెర ఎక్కడో పడేసి, పళ్ళతో కొన్ని, గోళ్ళతో కొన్ని చింపడం మొదలుపెట్టాడు. చిన్న వస్తువు కిందపడితే ప్రాణం పోయినట్టు గిలగిల్లాడే మనిషి, వీపుల్ని పెంకుల్లా నేల మీదికి విసిరేస్తున్నాడు. ట్రంకు అడుగు కనపడింది. నేలంతా లావు వీపులే. సన్నది మచ్చుకి ఒక్కటి లేదు.

కంపెనీలో సంచులు కట్టిన మహానుభావుడెవడో సన్నవి వెయ్యాల్సిన చోట కూడా లావువే వేసేశాడు. వచ్చినరోజే ఒక్క సంచి విప్పి చూసుంటే ఒక్క ఫోనుతో పోయేది. ఎవరు చూశారు? తనిఖీ వాళ్ళు సీళ్ళు చూశారు. తను బీగాలు చూశాడు. లేని సెట్టుకి ఇన్నేళ్ళు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాడు.

"గుడ్ మార్నింగ్ సార్. నా పిస్తోలు సార్."

కిటికీ అవతల కోడలు. జాలీలోంచి నేల మీది చిందరవందర చూసి కంగారుపడింది. "ఏమైంది సార్? ఒంట్లో బాగుందా?"

"లేవమ్మా," అన్నాడు బాబాయి, నేల మీదే కూర్చుని. "నీకిద్దామనే విప్పాను. సన్నవి లేవు. అసలు రాలేదు. నేనే... చూసుకోలేదు." దూరంగా రేంజిలో విజిల్ ఊదాడు, వరసలో నిలబడమని.

కోడలు ఆయన తల మీంచి గోడవైపు చూస్తోంది. ఏదో చెప్పాలని నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ తెరిచింది.

"సార్... మీ వెనక ఒకటుంది సార్."

బాబాయి వెనక్కి తిరిగాడు. బోర్డు. అద్దం వెనక, సన్న తీగ కింద, ముత్యాల్లాంటి అక్షరాల పైన, సన్న వీపు తాపీగా కూర్చుని ఉంది.

"మీరు పిస్తోలు తెచ్చేదాకా రోజూ దాన్నే చూస్తూ నిలబడతాను సార్," అంది కోడలు.

"మరి చెప్పవేం?"

"సెట్టు విడదీయం అన్నారు కదా సార్."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినప్పుడు ఇంత దరిద్రంగా వినిపించలేదు ఆయనకి. లేచి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. స్క్రూ తల కనపడితేగా! మీద గట్టిపడిన లక్క. ఈ లక్క పోసిన దరిద్రుడెవడ్రా అని తిట్టబోయి, ఎవడో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. రెండో విజిల్ వినపడింది. బాబాయి పిన్నులు కొట్టే సుత్తి తీశాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు, అద్దం మీద ఒక్కటిచ్చాడు.

అద్దం ఫెళ్ళుమంది. ముక్కల మధ్య నుంచి తీగ కత్తిరించి వీపు లాగాడు. కోడలి నడిపోణ్ణి గూట్లోంచి తీసి, ఖాళీగా ఉందో లేదో చూసి, పిన్ను కొట్టి పాతది తీసి, సన్నది తొడిగి, పిన్ను దించేశాడు. అంత గొడవలోనూ ఆ పని మాత్రం పొందిగ్గా చేశాడు. సందులోంచి ఇచ్చి, "నేలవైపు పెట్టి పట్టుకుని చూడు," అన్నాడు.

ఆ పిల్ల పట్టుకుంది. అరచెయ్యి పిడికి పూర్తిగా ఆనింది. చూపుడువేలు ఎక్కడా సాగకుండా, ఒరగకుండా, తిన్నగా వెళ్ళి ట్రిగ్గర్ మీద కూర్చుంది. మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"అందింది మామయ్యా!"

అనేశాక గబుక్కున నోరు మూసుకుంది. బాబాయి గీత గుర్తు చేస్తాడేమోనని చూసింది. ఆయన మాత్రం మ్యాగజైన్లు చేతికిచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా, పరిగెత్తు!" అన్నాడు.

తర్వాత తనూ పరిగెత్తాడు. బీగం వేసి, లాగి చూడకుండానే పరిగెత్తాడు. సగం దూరం వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కొచ్చి రెండుసార్లు లాగి చూసి, మళ్ళీ పరిగెత్తాడు. మనిషి ఒక్క పూటలో ఎంతని మారతాడు, పాపం!

రేంజి గోడ ఇవతల నిలబడ్డాడు. లోపల మోతలు వినపడుతున్నాయి. తొందరలేదు, తడబాటు లేదు. చివరి మోత ఆగాక చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. అంతసేపు ఎందుకు పట్టిందో, కాగితం దించడానికి అంత ఏడవడమెందుకో అని బాబాయి గోడని గోకుతూ నిలబడ్డాడు. ఆఖరికి విజిల్ బయటికి వచ్చి కాగితం ఆయన మొహం ముందు పెట్టాడు. రంధ్రాలన్నీ ఇదివరకటిలాగే ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఈసారి నడిమధ్యలో.

"గేటుకి వేరే మనిషిని చూసుకోమని చెప్పాలి బాబాయ్," అన్నాడు విజిల్. బాబాయి ఆ కాగితాన్ని, అతన్ని కలిపి కావలించుకున్నాడు. అతని మెడలోని విజిల్ ఇద్దరి మధ్య నలిగి చిన్నగా కూత పెట్టింది.

ఆ మధ్యాహ్నమే బాబాయి పై అధికారి గదిలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు. తనిఖీ అంతా సక్రమమని సంతకం పెట్టినవాళ్ళలో ఆ అధికారి కూడా ఉన్నాడు కాబట్టి ఆయన పెద్దగా అరవలేదు. సన్నవి పంపమని కంపెనీకి కబురు పెట్టారు. ఈలోగా బాబాయి లావు వీపులన్నీ ఒక పళ్ళెంలో పోసి సందు దగ్గర పెట్టాడు. కిటికీ చెప్పుల కొట్టులా తయారైంది. మీరు చూడండి, మీరు పట్టుకోండి, బిగువుగా ఉందా, వదులుగా ఉందా! చేటంత చేతులున్న డ్రైవరొకడు లావుది పెట్టుకుని, "ఇన్నాళ్ళూ పిల్లల బొమ్మ పట్టుకున్నట్టుండేది బాబాయ్," అని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. గోడ మీద బోర్డుకి అద్దం లేదు. 'సన్న వీపు' అని రాసినచోట వట్టి తీగ మిగిలింది. అక్కడ ఇంకేమీ కట్టనన్నాడు బాబాయి.

సాయంత్రం ఇంటికి వస్తూనే స్టూలు లాగి బీరువా పక్కన వేశాడు.

"ఇవాళ టీ మా అక్క ఇచ్చిన కప్పుల్లో తాగుదాం," అన్నాడు ఎక్కుతూ.

"ఇప్పుడెందుకండీ, అంత ఎత్తు!" ఇంటావిడ గొంతులో ఎన్నడూ లేని కంగారు. "గ్లాసులున్నాయిగా. దిగండి, కళ్ళు తిరుగుతాయి."

"నాకేం తిరగవు. నువ్వేగా నిన్న నా దుమ్ము దులిపావు!"

కోడలు ఉన్నట్టుండి ఫ్రిజ్జు మీది నీలం కాగితాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టింది. బాబాయి డబ్బా దించి, బల్ల మీద పెట్టి, తాడు విప్పి, మూత తీశాడు. పాత కాగితాల మధ్య పాతకాలపు ఇస్త్రీపెట్టె ఒకటి హాయిగా పడుకుని ఉంది.

బాబాయి కాగితాలన్నీ పక్కకి తోసి అడుగు దాకా వెతికాడు.

"కప్పులేవే?"

"వంటింట్లో ఉన్నాయి. పప్పుడబ్బాల వెనక."

"ఎప్పట్నుంచి?"

"మీరు ఎక్కించిన మర్నాటినుంచి," అంది ఆవిడ, ఇక దాచి లాభం లేదని. "మీరు డ్యూటీకి వెళ్ళగానే అందులోనే తాగుతాను. మన పిల్లాడు పాలు తాగిందీ అందులోనే. ఒకటి వాడే పగలగొట్టాడు, ఐదున్నాయి."

"మరి ఈ ఇస్త్రీపెట్టె?"

"బరువుకి. ఆదివారం మీరు ఎత్తి చూస్తారుగా. గలగలమనకుండా కాగితాలు కుక్కాను. తనిఖీకి వచ్చేవాళ్ళు పెట్టె చూస్తారు గానీ లోపల చూస్తారేంటి?"

బాబాయి డబ్బా మూత మెల్లగా పెట్టేశాడు. పొద్దున్నే అదే తెలుసుకుని వచ్చిన మనిషి మరి. "అందరూ తాగారా?" అన్నాడు చివరికి.

"అందరం తాగాం. నేను తాగాను, పిల్లాడు తాగాడు, ఈ పిల్ల వచ్చినప్పట్నుంచి ఇదీ తాగుతోంది. మీ అక్క వచ్చినప్పుడు ఆవిడ కూడా తాగింది." ఆవిడ గొంతు మెత్తబడింది. "మీరొక్కరే తాగలేదు."

కోప్పడదామనుకున్నాడు. కోపం రాలేదు. తెలియకుండానే కళ్ళు చెమర్చాయి, దాని వెనకే నవ్వు వచ్చింది, రెండూ కలిసి దగ్గుగా బయటపడ్డాయి. ఆవిడ లోపలికి వెళ్ళి టీ పెట్టి, మూడు కప్పుల్లో పోసి తెచ్చింది. తెల్లటి కప్పు, అంచున సన్నటి నీలిగీత. బాబాయి ఎదురుగా ఒకటి పెట్టింది. కోడలు తన కప్పు పిడిలోకి వేలు దూర్చి అలవాటుగా ఎత్తింది.

బాబాయి కూడా తన చూపుడువేలు పిడిలోకి దూర్చబోయాడు. కొస మాత్రం పట్టింది. తిప్పాడు, ఒత్తాడు, చిటికెనవేలు ప్రయత్నించాడు. కప్పు పక్కకి ఒరిగి టీ సాసరులోకి ఒలికింది.

"నా వేలు పట్టట్లేదేంటే దీనికి! కాస్త పెద్ద పిడి ఉన్నది ఇంకోటేమైనా ఉంటే ఇవ్వు."

ఇంటావిడ నోరు తెరిచేలోగా కోడలు తన కప్పు బల్ల మీద పెట్టి, లేచి నిలబడి, నిటారుగా సెల్యూట్ కొట్టింది.

"సెట్టు విడదీయం సార్."